పప్పు మాడిపోయె బస్సు పోయె

గాజువాక నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించాను:

"నాకు నలభై దాటాయి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు చూస్తాను. కాలేజీలో ఉన్నప్పుడు కవితలు రాసేదాన్ని, గోడపత్రికలో పెట్టేవారు. తర్వాత పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం, ఇన్నేళ్ళలో మళ్ళీ పెన్ను పట్టలేదు. ఈ మధ్య మనసు అటే లాగుతోంది. కానీ టైమ్ దొరకదు, దొరికిన రోజున కూర్చుంటే ఏమీ రాదు. రాసింది వాట్సాప్ గ్రూపులో పెడితే 'సూపర్ అక్కా' అని పూలగుత్తులు వస్తాయి. ఒక పెద్దాయన మాత్రం, ఛందస్సు రానివాళ్ళు కవిత్వం జోలికి రాకూడదని మొహం మీదే అనేశారు. మా అత్తగారేమో 'రాతిరేళ ఏటి రాస్తన్నావే, కళ్ళు పాడైపోతాయి' అంటారు. ఏం చదవాలో, ఎక్కడ మొదలుపెట్టాలో, పత్రికలకి పంపొచ్చో లేదో చెప్పండి. అసలు నాలో కవిత్వం ఉందా, లేక ఇదంతా వట్టి టైమ్‌పాసేనా? ఒక కవిత జతచేస్తున్నాను, కావాలంటే వేసుకోండి."

అమ్మా, ముందు మీ కవిత సంగతి మాట్లాడదాం, మీరు అడిగినవాటిలో సగానికి జవాబు అందులోనే ఉంది. మిగతా పాఠకులు కూడా చూడాలి కాబట్టి మొత్తం ఇస్తున్నాను.

అలుపెరగని అలవు నీవు
మౌనమే నీ భాష
నా కన్నీటి ఉప్పుదనం
నీలో కలిసిపోయింది సాగరమా
బస్సులో నిలబడి వచ్చాను నీ దగ్గరికి
అరచేతికి ఇంకా రాడ్డు వాసన
నీ ఒడిలో సేదతీరి
నన్ను నేను వెతుక్కుంటున్నాను

మొదటి నాలుగు లైన్లు, చివరి రెండు లైన్లు సముద్రం మొహం ఎన్నడూ చూడనివాళ్ళు కూడా రాయగలరు. అలుపెరగని అల, కన్నీటి ఉప్పు, ఒడిలో సేదతీరడం, ఇవన్నీ పాటల్లో, గ్రీటింగ్ కార్డుల మీద, ఫార్వర్డ్ మెసేజీల్లో చదివి చదివి చేతికి అలవాటైపోయిన మాటలు, పెన్ను పట్టగానే ముందు అవే దిగిపోతాయి. 'మౌనమే నీ భాష' అన్నారు. ఆర్కే బీచ్‌లో నిలబడి ఎవరికైనా ఫోన్ చేసి చూడండి, అవతలివాళ్ళకి మీ గొంతు కంటే ముందు అలల హోరు వినిపిస్తుంది. ఆ లైన్ రాసేటప్పుడు మీ చెవిలో సముద్రం లేదు, ఎప్పుడో చదివిన సముద్రం మీద కవితలు ఉన్నాయి.

ఇప్పుడు ఐదో లైనూ ఆరో లైనూ చూడండి. బస్సులో నిలబడి వచ్చాను, అరచేతికి ఇంకా రాడ్డు వాసన. చదువుతూంటే నా ముక్కుకి తగిలింది ఆ వాసన. సాయంత్రం రద్దీలో, భుజానికి బ్యాగు, అందులో ఖాళీ టిఫిన్ బాక్సు, ఒక చెయ్యి పైకెత్తి రాడ్డు పట్టుకుని బ్రేకు వేసినప్పుడల్లా ముందుకి తూలుతూ వచ్చిన మనిషి చెయ్యి అది, ఎన్ని వందలమంది చేతుల చెమట పట్టిందో ఆ ఇనుముకి. అలసట అన్న మాట ఆ రెండు లైన్లలో ఎక్కడా లేదు, అయినా అలసట అంతా అక్కడే ఉంది. మీ గ్రూపులో పూలగుత్తులు పంపినవాళ్ళలో ఒక్కరైనా ఆ లైన్ పేరెత్తి మెచ్చుకున్నారా? లేదనే అనుకుంటున్నాను, ఎందుకంటే మీరు దాన్ని మిగతా ఆరు లైన్ల మధ్య దాచేశారు.

ఆ ఆరూ కొట్టేయండి. కష్టంగానే ఉంటుంది, అయినా కొట్టేయండి. మిగిలిన రెండు లైన్లు పెట్టుకుని ఆ సాయంత్రం తర్వాత ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. చెయ్యి కడుక్కున్నారా? ఉప్పునీళ్ళలో కడిగితే వాసన పోయిందా, దాని మీద ఇంకో వాసన చేరిందా? చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారా? మురీ మిక్చర్ పొట్లం కొనుక్కుని ఆ చేత్తోనే తిన్నారా? మూడో లైన్ ఆ జవాబుల్లోంచి రావాలి. నేను రాసి ఇవ్వగలను గానీ ఇవ్వను, ఆ సాయంత్రం అక్కడున్నది మీరు.

టైమ్ గురించి అడిగారు. ఆ రెండు లైన్లు మీకు ఎక్కడ దొరికాయి? ఖాళీగా కూర్చున్న ఆదివారం మధ్యాహ్నం కాదు కదా. పనిలో, ప్రయాణంలో, మీరు కవిత గురించి ఆలోచించనప్పుడు దొరికాయి. కవిత రాయడానికి ఒక గంట కావాలి, తలుపు వేసుకోవాలి, మూడ్ రావాలి అన్న లెక్క పెట్టుకుంటే మీ ఇంట్లో ఆ గంట పిల్లల పెళ్ళిళ్ళు అయ్యేదాకా రాదు. దాని బదులు రోజుకి ఒక్క సంగతి పట్టుకోండి. చూసిందో, విన్నదో, ముట్టుకున్నదో, ఒక్కటి. అదేమంత అందంగా ఉండక్కర్లేదు, కవితలా అసలే ఉండక్కర్లేదు. పాత వోచర్ వెనక గీకండి, ఫోన్‌లో టైప్ చెయ్యండి, చేతులు ఖాళీ లేకపోతే మాట రికార్డు చేసుకోండి. రాత్రి అత్తగారు కళ్ళు పాడైపోతాయనే లోపల నోటుపుస్తకంలోకి ఎక్కించేయండి, పది నిమిషాల పని. వారం చివర ఆ పేజీ తిరగేస్తే చాలావరకు చప్పగా ఉంటాయి, పర్లేదు, ఒక్కోటి మాత్రం మిమ్మల్ని ఆపుతుంది, దాని మీద పని చెయ్యండి.

ఇక్కడ ఒకటి గట్టిగా చెబుతాను, పేర్లు తెలుసుకోండి. చేపల బుట్ట అని రాసి ఊరుకోకండి, అందులో ఉన్నవి కవళ్ళో కానాగడతలో రాయండి, తెలియకపోతే అమ్మే ఆవిణ్ణే అడగండి, బేరం కూడా ఆడకుండా అడిగితే సంతోషంగా చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ విశాఖ మీద పడ్డాక చాలాకాలం నాకు తుఫాను కవితలు వస్తూనే ఉన్నాయి. ఎక్కువవాటి నిండా ప్రకృతి ప్రకోపం, విలయ తాండవం. ఇప్పటికీ నాకు గుర్తున్నది ఒక రిటైర్డ్ మాస్టారు రాసింది. ఆయన తన వీధిలో పడిపోయిన చెట్లని ఈ చివర నుంచి ఆ చివరదాకా వరసగా చెప్పుకుంటూ పోయారు, ఎవరింటి ముందు బాదం, ఎవరింటి ముందు నిద్రగన్నేరు, గుడి పక్కన రావి, ఏ చెట్టు నీడన ఎవరు స్కూటరు పెట్టుకునేవారో దాంతో సహా. అంతే కవిత. బాధ అన్న మాట లేదు. ఆ వీధి నేనెప్పుడూ చూడలేదు, కానీ ఇప్పుడు కూడా దాని మీద ఎండ ఎక్కడ పడుతోందో చెప్పగలను.

సరే, చదవడం. మీ ఉత్తరంలో రాయడం గురించి పేజీ ఉంది, చదవడం గురించి ఒక్క వాక్యం ఉంది, నాకు అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది. రాసేవాళ్ళు చదవరు అన్నది మన దగ్గర పెద్ద జబ్బు. ఎవరి కవిత వాళ్ళు గ్రూపులో పెట్టడం, పక్కవాళ్ళ కవితకి చప్పట్ల బొమ్మ ఒకటి పెట్టేసి మళ్ళీ తమ కవితకి ఎన్ని వచ్చాయో చూసుకోవడం, ఇలా ఏళ్ళు గడిపినా ఒక్క మెట్టు ఎక్కలేరు.

కాబట్టి మీకు నేనిచ్చే మొదటి సలహా, అన్నిటికంటే ముందు చెయ్యమని బతిమాలే సలహా, ఒక కవిత కంఠతా పట్టండి. పెద్దది వద్దు, పది పన్నెండు లైన్లు చాలు. కాగితం మీద మీ చేత్తో రాసి వంటింటి అలమారా తలుపుకి లోపలివైపు అంటించండి. బియ్యం కడిగేటప్పుడు రెండు లైన్లు, పాలు పొంగకుండా కాపలా కాసేటప్పుడు రెండు లైన్లు, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ కదలనప్పుడు ఇంకో రెండు. పైకే అనండి, పెదాలు కదలాలి. తెలుగు కవిత్వం సగం చెవిలో ఉంటుంది, కళ్ళతో మాత్రమే చదివితే ఆ సగం పోతుంది. మొదటి రోజు ఏదో అప్పజెప్పినట్టు ఉంటుంది, మూడో నాలుగో రోజుకి ఎక్కడ ఆగాలో నోటికే తెలుస్తుంది, ఆ తర్వాత ఒకరోజు ఆఫీసులో టోటల్ కలవక తల పట్టుకున్నప్పుడు ఆ లైన్ దానంతట అది వచ్చి పక్కన నిలబడుతుంది. మనిషికి కవిత్వం పనికొచ్చేది ఆ క్షణంలోనే, సభలో కాదు. మన పెద్దవాళ్ళలో అక్షరం రానివాళ్ళకి కూడా సుమతీ శతకం పద్యాలు నోటికి వచ్చేవి, కోపం వచ్చినా దుఃఖం వచ్చినా ఒక పద్యం అనుకుని సర్దుకునేవారు.

ఎవరిని చదవాలంటే, మీరున్న నేల నుంచే మొదలుపెట్టండి. గురజాడ 1862లో పుట్టిన రాయవరం మీకు బస్సు దూరం. ఆయన 1910లో మొదలుపెట్టిన ముత్యాలసరాలు అనే గేయాలు గట్టిగా చదివితే నూరేళ్ళు దాటిన మాటలని ఎక్కడా అనిపించదు. శ్రీశ్రీ అదే 1910లో ఈ విశాఖలోనే పుట్టాడు, ఆరుద్ర పుట్టింది కూడా ఇక్కడే, 1925లో. ఆరుద్ర కూనలమ్మ పదాలు చూడండి, మూడు చిన్న లైన్లు ఒకే అంత్యప్రాసతో, నాలుగోది 'ఓ కూనలమ్మ', అంతే, బస్సు దిగేలోపు ఒకటి చదివి ఒకటి అల్లుకోవచ్చు. తర్వాత 1993లో వచ్చిన నీలిమేఘాలు సంకలనం సంపాదించండి, స్త్రీల కవిత్వం ఒక్కచోట దొరుకుతుంది. విమల రాసిన 'వంటిల్లు' కవిత కూడా వెతికి చదవండి, మీరు రోజూ నిలబడే చోటు గురించి ఎంత నిజంగా, ఎంత కోపంగా రాయొచ్చో తెలుస్తుంది. ఒకేసారి పది పుస్తకాలు కొనకండి. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గరే, సెలవు రోజున వెళ్ళి ఒక గంట కూర్చోండి, అర్థంకాని కవితని వదిలేసి నచ్చినదాన్ని కాపీ చేసుకోండి, చేత్తో కాపీ చేస్తే లైన్ ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో వేళ్ళకి తెలుస్తుంది.

ఇక ఛందస్సు పెద్దాయన. ఆయన అన్నది సగం తప్పు, సగం పట్టించుకోవలసిన మాట. గేటు దగ్గర నిలబడి టికెట్ అడిగినట్టు ఛందస్సు అడగడం తప్పు, ఈ భాషలో వచన కవిత్వానికి దశాబ్దాల చరిత్ర ఉంది. కానీ మీకు దాని భయం ఉండిపోవడం కూడా బాగాలేదు, ఎందుకంటే అది చాలా సరదా అయిన విద్య, మిమ్మల్ని ఎవరో బెదిరించి దూరం చేశారు. శ్రీశ్రీ తొలి పుస్తకం ప్రభవ 1928లో వచ్చింది, అందులోవి పద్యాలు. ఆ తర్వాత ఆయన పద్యం దాటి వచ్చి 1934లో మహాప్రస్థానం గేయం రాశాడు, అది చదువుతూంటే ఇప్పటికీ మన కాలు తాళం వేస్తుంది, లోపల మాత్రల లెక్క, అంటే అక్షరాలు పలికే కాలం లెక్క, నడుస్తూనే ఉంది కాబట్టి.

ఒక ఆటవెలది పద్యంతో చూపిస్తాను. ఉప్పు కప్పురంబు పద్యం మీకు వచ్చే ఉంటుంది, మీ పిల్లల పుస్తకంలో కూడా ఉండొచ్చు. రెండో పాదం చప్పట్లు కొడుతూ అనండి: చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. ఐదు చప్పట్లు. ఒక్కో ముక్కకి మూడు మాత్రలు, చూడలో దీర్ఘానికి రెండు, డకారానికి ఒకటి, రుచులలో మూడు పొట్టి అక్షరాలకి మూడు. ఈ ముక్కల్నే సూర్యగణాలు అంటారు. మొదటి పాదంలో ఇలాంటివి మూడు, ఆ తర్వాత కొంచెం పెద్దవి రెండు: ఉప్పు, కప్పు, రంబు, నొక్కపో, లికనుండు. ఆ పెద్దవి ఇంద్రగణాలు. ఉప్పులో ఉకారం పొట్టిదే అయినా పక్కన ఒత్తక్షరం ఉంది కాబట్టి రెండు మాత్రలు పలుకుతుంది, సున్నా ఉన్న అక్షరానికీ అంతే. మూడో పాదం మొదటిదానిలా, నాలుగోది రెండోదానిలా. ఆటవెలది నడక ఇదే, ఒక సాయంత్రం పిల్లలతో కూర్చుని చప్పట్లు కొడితే పట్టుబడిపోతుంది, యతి ఒక్కటి మిగులుతుంది.

యతి కూడా చూద్దాం, మీ ఇంటి సంగతితోనే. పప్పు మాడిపోయె బస్సు పోయె. లెక్క వేయండి: పప్పు, మాడి, పోయె, బస్సు, పోయె. ఐదు ముక్కలు, ఒక్కోటి మూడు మాత్రలు. మొదటి ముక్క మొదటి అక్షరానికీ నాలుగో ముక్క మొదటి అక్షరానికీ చుట్టరికం ఉండాలి, అదే యతి. పకారానికి బకారం కుదురుతుంది, రెంటికీ అచ్చు అకారమే. ఆటవెలదికి నిక్కమైన రెండో పాదం ఇది, ఉదయం ఏడున్నరకి ఎవరింట్లోనైనా నోట్లోంచి వచ్చే మాట. దీనికి మొదటి పాదం మీరు కట్టండి. ఇది పద్యకవి అయిపోవడానికి కాదు. నాలుగు పద్యాలు కట్టిన చెయ్యి మళ్ళీ వచన కవితకి వచ్చినప్పుడు ఏ మాట అదనంగా ఉందో ఇట్టే పట్టుకుంటుంది, మీ సాగరమాని నేను చెప్పకముందే మీరే తీసేసి ఉండేవారు.

మీ అత్తగారి మాట నాకు భలే నచ్చింది. 'రాతిరేళ ఏటి రాస్తన్నావే'. మీరు కవితలో 'నన్ను నేను వెతుక్కుంటున్నాను' అని పుస్తకాల తెలుగు రాస్తున్నారు, మీ పక్క గదిలో మంచి ఉత్తరాంధ్ర మాట నడుస్తోంది. తినీసేవా, ఒచ్చీసేవా, ఓలమ్మా ఇదేటి, ఇలాంటి మాటలు రోజంతా వింటూ కూడా మన కవితల్లోకి రానివ్వం, అక్కడికేదో తక్కువైపోయినట్టు. గురజాడ, గిడుగు ఇద్దరూ ఈ ప్రాంతం మనుషులే, మాట్లాడే భాషలో రాయడం కోసమే వాళ్ళు అంత కొట్లాడారు. ఆవిడని ఒకరోజు తీరిగ్గా కూర్చోబెట్టి చిన్నప్పటి పాటలు అడగండి, లాలిపాటలు, దంపుళ్ళ పాటలు, పొడుపు కథలు, ఏవి గుర్తుంటే అవి. రాసుకోండి, ఆవిడ అన్నది అన్నట్టుగా, దిద్దకుండా. తర్వాత మీ బస్సు కవిత ఆవిడకి చదివి వినిపించండి. సాహిత్యం తెలిసిన మనిషి కాకపోవచ్చు, కానీ అర్థంకాని లైన్ దగ్గర 'అదేటి?' అని కచ్చితంగా అడుగుతారు, అప్పుడు ఆ లైన్ మళ్ళీ చూసుకోండి. గ్రూపులో అంతమంది మెచ్చుకున్నా రాని ఉపకారం ఆ ఒక్క ప్రశ్నలో ఉంటుంది.

గ్రూపు మానేయమని చెప్పను, మీకు అక్కడ స్నేహాలు ఉండి ఉంటాయి. రాసిన రోజునే మాత్రం పెట్టకండి. కనీసం రెండు వారాలు నోటుపుస్తకంలో ఉండనివ్వండి. రాసిన రాత్రి అందరికీ తమ కవిత గొప్పగానే కనిపిస్తుంది, రెండు వారాల తర్వాత మీరు ఇంకొకరి కవిత చదివినట్టు చదవగలుగుతారు, అప్పుడు దిద్దండి. ఇంకో మాట, వీలైతే కవిత్వం చదివే మనిషిని ఒక్కరిని వెతుక్కోండి, ఆఫీసులోనో అపార్ట్‌మెంట్‌లోనో ఎక్కడో ఒకరు ఉంటారు, నెలకోసారి కలిసి చెరొక కవిత చదువుకోండి, సొంతవి కాదు, వేరేవాళ్ళవి.

మీలో కవిత్వం ఉందా అని అడిగారు. రాడ్డు వాసన లైన్ రాసినావిడ నన్ను ఆ ప్రశ్న అడగనక్కర్లేదు. టైమ్‌పాస్ అన్న మాట మీకు ఎవరు నేర్పారో తెలియదు గానీ, పొద్దున్నుంచి రాత్రిదాకా అందరి లెక్కలూ చూసే మనిషి పది నిమిషాలు తను చూసినదాన్ని తన మాటల్లో పెట్టుకోవడాన్ని ఆ పేరుతో పిలవడం నాకు ఇష్టం లేదు.

పత్రికలకి తప్పకుండా పంపొచ్చు, కాకపోతే ఇప్పుడే వద్దు. ఒక పది కవితలు ఇలా కొట్టివేతలు తట్టుకుని మిగిలాక, వాటిలో మంచివి రెండు తీసి పంపండి. పంపే ముందు ఆ పత్రిక సంచికలు రెండు మూడు చదవండి, ఎలాంటి కవితలు వేస్తారో తెలుస్తుంది. ఒకే కవితని ఒకేసారి రెండు చోట్లకి పంపకండి, అంతకుముందు గ్రూపుల్లోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టినవి కొన్ని పత్రికలు తీసుకోవు, అది కూడా గుర్తుంచుకోండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి. చాలాచోట్ల నుంచి జవాబు రాదు, దానికీ కవిత బాగోగులకీ సంబంధం ఉండకపోవచ్చు, రెండు మూడు నెలలు చూసి, వెనక్కి తీసుకుంటున్నానని ఒక ముక్క రాసి వేరేచోటికి పంపండి. నాకు మాత్రం ముందు ఆ మూడో లైన్ పంపండి, ఆటవెలది మొదటి పాదం కుదిరితే అది కూడా.